అప్పలస్వామి సంతకం

పదిహేనేళ్లుగా నా బీరువాలో ఒక కాగితం ఉంది. మూడిళ్లు మారాను, దాన్ని పారేయలేదు. తీసి చదవనూ లేదు. చదవక్కర్లేదు, ప్రతి మాటా కంఠతా వచ్చు. రాసింది నేనే. కింద సంతకం మాత్రం నాది కాదు. నేను ఇన్నాళ్లూ మోసింది ఆ సంతకాన్ని.

ఎవరికి చెప్పాలి? దేవుడి ముందు మోకరిల్లి చెప్పుకునే సౌకర్యం నాకు లేదు. ఆ సౌకర్యాన్ని జీవితమంతా వెక్కిరించాను, ఇప్పుడూ వెక్కిరిస్తాను. ఒక మునక వేస్తే పాపం పోతుందనేవాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మిత్రులకు చెబితే "పోనీలెండి, ఎవరి ప్రాణమూ పోలేదు కదా" అంటారు. ఆ మాట నాకు నేనే వేలసార్లు చెప్పుకున్నాను కాబట్టి అదెంత చవకబారు సరుకో నాకు తెలుసు. అందుకే మీకు చెబుతున్నాను. మీరు నాకు తెలియదు. నన్ను ఊరడించాల్సిన అవసరం మీకు లేదు. దయచేసి ఊరడించకండి.

నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఒక బడిలో హిందీ, తెలుగు చెప్పేవాణ్ణి. అది జీతం కోసం. అసలు పని వాదించడం. మూఢనమ్మకం ఎక్కడ తలెత్తినా దాని మీద పడేవాణ్ణి. సునామీ తర్వాత నాకు చేతినిండా పని దొరికింది. శవాలు కొట్టుకొచ్చిన ఒడ్డునే జ్యోతిష్కులు దుకాణం తెరిచారు. సముద్రానికి కోపం వచ్చిందన్నారు. ఆడవాళ్ల నడవడి చెడిందన్నారు. శాంతి చేయించమన్నారు. నేను ఒక మ్యాపు చంకన పెట్టుకుని డైరీ ఫార్మ్ పేట నుంచి హోప్ టౌన్ దాకా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చాను. భూమి లోపలి పొర జారింది, మన దీవులు ఉత్తరాన పైకి లేచాయి, దక్షిణాన కిందికి కుంగాయి, అందుకే ఇక్కడ వరిచేలల్లోకి వచ్చిన ఉప్పునీరు తిరిగి పోలేదు, ఇందులో ఏ అమ్మవారి పనీ లేదు అని చెప్పేవాణ్ణి. చెబుతూ రెండు చేతులూ తక్కెడలా చాచేవాణ్ణి. ఒక చేయి పైకి, ఒక చేయి కిందికి. జనం చప్పట్లు కొట్టేవారు.

ఆ కిందికి దిగిన చేయిని గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

సునామీ జరిగిన నాలుగో ఏట నాకు ఆ ఆలోచన వచ్చింది. ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మావాళ్లలో చాలామంది నీటి దగ్గరికి పోవడం మానేశారు. దీవిలో ఉంటూ సముద్రం వైపు చూడరు. చాతం నుంచి ఫెర్రీ ఎక్కితే కళ్లు మూసుకుని కూర్చుంటారు. వాళ్లను చూస్తే నాకు జాలి వేసి ఉండాలి. వేయలేదు. చీదర వేసింది. ఆ చీదరకే సంస్కరణ అని పేరు పెట్టుకున్నాను. భయపడేవాళ్లను కొందరిని వెంటబెట్టుకుని డుంగీ మీద మడ అడవిలోకి వెళ్లాలి. డుంగీ అంటే ఇక్కడి చెక్క పడవ. క్రీక్ అనే సముద్రపు పాయ ముఖద్వారంలో ఇసుక మేట మీద గుడారం వేసుకుని రెండు రాత్రులు ఉండాలి. గాలం వేసి పట్టిన చేప వండుకు తినాలి. అదీ అమావాస్య కలిసి వచ్చేలా. అమావాస్యను నేనే ఏరి పెట్టాను. ఒక్క దెబ్బకు రెండు భయాలు చావాలని నా ఎత్తు.

ముగ్గురు వచ్చారు. డైరీ ఫార్మ్‌లో హార్డ్‌వేర్ దుకాణం నడిపే భాస్కరరావు. అతని భార్య లక్ష్మి. మా బడిలోనే లెక్కలు చెప్పే సత్యవతి. సత్యవతి తమ్ముడు కార్ నికోబార్‌లో ఉద్యోగం చేస్తూ సునామీలో పోయాడు. శవం దొరకలేదు. ఆవిడ నాలుగేళ్లుగా సముద్రంలో కాలి బొటనవేలు కూడా ముంచలేదు. ముగ్గురిలో నాకు కావలసింది ఆవిడే. ఆవిడ భయం పోగొడితే అది నా ఉపన్యాసాలన్నిటికీ రుజువు. మనిషిని రుజువుగా చూడటం ఎంత నీచమో అప్పుడు తట్టలేదా? తట్టింది. కానీ పెద్ద పని ముందు అది చిన్న సంకోచంలా కనిపించింది.

ఐదు ఆదివారాలు హోప్ టౌన్ ఒడ్డున మోకాలి లోతు నీటిలో వాళ్లకు తెడ్డు వేయడం నేర్పాను. భాస్కరరావు తెడ్డును గరిటెలా తిప్పేవాడు. డుంగీ ఉన్నచోటే గుండ్రంగా తిరిగేది. "అరే మాస్టారూ, టెన్షన్ మత్ లో. చేపలే నా దగ్గరికి వస్తాయి" అనేవాడు. సామాను జాబితా ఇస్తే దానికి ఊరగాయ జాడీ, మడత కుర్చీ కలిపి తెచ్చాడు. నేను వాళ్ల ముందే వాళ్లను వెటకారం చేసేవాణ్ణి. వాళ్లు నవ్వేవారు, గురువు కదా అని. నా సూచనల కాగితంలో అన్నీ ఉన్నాయి. మంచినీళ్ల డబ్బాలెన్ని, అగ్గిపెట్టెలు ఎలా చుట్టాలి, ఇసుక ఈగలకు ఏం రాసుకోవాలి, ఎరకు ఏ రొయ్య మంచిది, మొసళ్లున్న చోట చేప కడిగిన నీళ్లు ఎక్కడ పారబోయకూడదు. పోటు, పాటు వేళలు కూడా పట్టిక చూసి రాశాను. పోటు ఎప్పుడొస్తుందో పట్టికలో ఉంది. ఎంత దూరం వస్తుందో నా జ్ఞాపకంలో ఉంది. సునామీకి ముందు నేను ఆ మేట మీద నాలుగుసార్లు పడుకున్నాను. ఒక్కసారి కూడా తడవలేదు.

మమ్మల్ని తీసుకెళ్లి వదిలి, మూడో రోజు తిరిగి తీసుకురావలసినవాడు అప్పలస్వామి. మిగతా వాళ్ల పేర్లు ఇందులో మార్చాను. ఇతనిది మార్చలేదు. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ల నాన్న వచ్చాడు. ఇతను హోప్ టౌన్‌లోనే పుట్టాడు. అరవై దగ్గర పడ్డ మనిషి. ఇంజన్ డుంగీ ఒకటి ఉండేది, మనుషుల్ని ఎక్కించుకునే పర్మిట్ ఉండేది. అదే అతని బతుకు. సాయంత్రాలు నేను పడవవాళ్లకు పెట్టిన బడిలో మూడు నెలలు కూర్చుని, తెలుగులో తన పేరు రాయడం నేర్చుకున్నాడు. అంతకు మించి రాలేదు.

బయల్దేరడానికి వారం ముందు చాతం జెట్టీ దగ్గర ఇద్దరం టీ తాగుతున్నాం. పక్కన ఎవరూ లేరు. ఇది ముఖ్యం. ఎవరూ లేరు కాబట్టే తర్వాత నేను చేసింది చేయగలిగాను.

"ఎక్కడ పడుకుంటారు మాస్టారూ?"

చెప్పాను. గ్లాసు కింద పెట్టాడు.

"ఆ ఇసక మీదా? వొద్దండి. ముందట్లాగ నేదది. గంగమ్మ తన జాగా తాను ఎనక్కి తీసీసుకుంది."

"రిజిస్ట్రేషన్ ఎక్కడ చేయించుకుందో?"

నవ్వాడు. "మీకు నవ్వుగానే ఉంటాది. అమాసకి అమ్మ ఒడ్డెక్కుతాది మాస్టారూ. పొద్దుటేల మరీ పైకొచ్చీత్తాది. మూడేల్లబట్టి సూత్తన్నాను, సచ్ బోల్తా హూ. కొంచెం పైకెల్తే మెరక ఉంది, అక్కడేసుకోండి గుడారం."

"నా బడిలో మూడు నెలలు కూర్చుని నేర్చుకున్నది ఇదా?"

"మీ కాడ పేరు రాయడం నేర్సుకున్నానండి. నీల్లు సూడ్డం మా అయ్య నేర్పేడు."

"వాళ్ల ముందు ఈ అమ్మా బొమ్మా అన్నావంటే ఇంకో డుంగీ మాట్లాడుకుంటాను."

"ఓర్నాయనో! నాను నోరిప్పను." గ్లాసు మళ్లీ అందుకుని అన్నాడు, "మద్దిలో ఓపాలి వొచ్చి సూసెల్తాను, ఏం?"

"అక్కర్లేదు. మూడో రోజు రా."

ఆ మాటలను ఈ పదిహేనేళ్లలో ఎన్నిసార్లు విప్పి చూశానో. అందులోంచి అమ్మను తీసేయండి. ఏం మిగులుతుంది? ఒక మనిషి ఒకే చోటును మూడేళ్లు గమనించాడు. ఏ రోజు, ఏ వేళ, నీరు ఎక్కడిదాకా వస్తుందో చెప్పాడు. ప్రత్యామ్నాయం కూడా చూపించాడు. పరిశీలన అంటే ఇంకేమిటి? నేల కుంగిందని ఊరూరా చెప్పింది నేను. కుంగిన నేలను కళ్లతో చూసింది అతను. నేను ఉపన్యాసంలో వాడిన నిజాన్ని నా గుడారానికి వర్తింపజేయలేదు. నిజం నాకు తెలిసిన విషయం కాదు, ఎదుటివాణ్ణి కొట్టడానికి పనికొచ్చే కర్ర. కర్రతో ఎవరూ నీటి లోతు కొలవరా? కొలుస్తారు. నేను కొలవలేదు.

ఇక్కడ ఒక మాట. ఇది చదివి, చూశారా, హేతువాదికి గంగమ్మ బుద్ధి చెప్పింది అని ఎవరైనా చేతులు జోడిస్తే, వారి మీద నాకున్న ఏహ్యభావం అణువంత కూడా తగ్గలేదు. గంగమ్మ ఏమీ చేయలేదు. నేను తార్కికుణ్ణి కావడం వల్ల తప్పు జరగలేదు, కాకపోవడం వల్ల జరిగింది.

అమావాస్యకు ముందు రోజు వెళ్లాం. అప్పలస్వామి కొబ్బరికాయ తెచ్చాడు. పడవ ముక్కు మీద కొట్టబోతే చేయి పట్టుకున్నాను. కాయను చెక్క కింద దాచుకున్నాడు. మమ్మల్ని దింపి, చేపలు పట్టుకోవడానికి వెనక కట్టి తెచ్చిన చిన్న డుంగీని మాకు వదిలి, ఇసుకను ఒకసారి చూసి, నన్ను ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నేను గెలిచాను. భాస్కరరావు గాలానికి నిజంగానే చేప పడింది. లక్ష్మి దాన్ని వండింది. సత్యవతి చాలాసేపు దూరంగా కూర్చుని, తర్వాత లేచి, చెప్పులు విడిచి, చీలమండ దాకా నీటిలో నిలబడింది. ఏడవలేదు. వెనక్కి తిరిగి నన్ను చూసి, "చల్లగా ఉంది సార్" అంది. అంతే. ఆ మాటకు నా గుండె పొంగింది. ఆవిడ కోసం కాదు. నాకోసం.

తెల్లారి అందరికంటే ముందు నేనే లేచాను. గుడారానికి మూరెడు దూరంలో తడి గీత ఉంది. మడ ఆకులు, పుల్లలు, నురుగు ఎండిన చెత్త, వరసగా. రాత్రి పోటు అక్కడిదాకా వచ్చి వెళ్లింది. సునామీకి ముందు ఆ గీత నీటి వైపు ఇరవై అడుగుల అవతలే ఉండేది. నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను. పొద్దుటి పోటు ఇంకా పైకి వస్తుందని అతను చెప్పాడు. నాకు అర్థమైంది. మీరు ఈ మాట గమనించాలి, నాకు పూర్తిగా అర్థమైంది. ఇంకా టైముంది. ముగ్గుర్నీ లేపి, సామాను సర్ది, మెరక మీదకి మారిపోవచ్చు. అరగంట పని. కానీ ఏమని చెప్పాలి? పడవవాడు చెప్పాడు, నేను వినలేదు అనా? ఆ వాక్యాన్ని నోట్లో ఒకసారి తిప్పి చూశాను. బయటికి రాలేదు.

కాలితో ఇసుక తోసి ఆ గీతను చెరిపేశాను.

తర్వాత భాస్కరరావును లేపి, చిన్న డుంగీలో క్రీక్ లోపలికి చేపలకు బయల్దేరాను. వెళ్లేటప్పుడు పోటు మమ్మల్ని మోసుకుపోయింది, తెడ్డు వేయకుండానే. నీరు అంత మించి రాదులే అని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. తొమ్మిదికి దగ్గర్లో వెనక నుంచి కంచం మోత వినిపించింది. లక్ష్మి గరిటెతో కంచం కొడుతోంది. డుంగీ తిప్పాం. ప్రవాహం ఎదురు. నేనొక్కణ్ణే తెడ్డు వేస్తుంటే, పక్కన భాస్కరరావు తెడ్డును అదే గరిటెలా తిప్పుతుంటే, పడవ ముందుకు పోదు. కంచం మోత ఆగిపోయింది. భాస్కరరావు తెడ్డు వదిలేశాడు. నోరు తెరిచి నీటి వైపు చూస్తున్నాడు. ఎప్పుడూ ఏదో ఒకటి వాగే మనిషి.

అప్పుడు ఇంజన్ చప్పుడు వినిపించింది. రావద్దన్న రోజున అప్పలస్వామి వచ్చాడు.

గుడారం, నీళ్ల డబ్బాలు, మడత కుర్చీ కొట్టుకుపోయాయి. ఈత రాని లక్ష్మి నడుం చుట్టూ చేయి వేసి పట్టుకుని, సత్యవతి మడ చెట్ల వేళ్ల మీద నిలబడి ఉందట, నడుం లోతు నీటిలో. ఆ వేళ్లకు అంటుకున్న ఆల్చిప్పలు కత్తుల్లా ఉంటాయి. ఆవిడ పాదం చీలిపోయింది. వాళ్లిద్దర్నీ ఎక్కించుకుని అప్పలస్వామి మా కోసం లోపలికి వచ్చాడు. మమ్మల్ని చూసి లక్ష్మి మొగుడితో, "పడ్డాయా చేపలు?" అంది. అతను ఏడ్చేశాడు. సత్యవతి వణుకుతోంది. అప్పలస్వామి చెక్క కింద నుంచి కొబ్బరికాయ తీసి పగలగొట్టి ఆవిడకిచ్చాడు. రెండో చిప్పలో నీళ్లు నా ముందు పెట్టాడు. "పూజ కాదు మాస్టారూ. దాహానికే." తాగాను.

"నేను చెప్పాను కదా" అని అతను అనలేదు. అప్పుడూ అనలేదు, తర్వాతా అనలేదు. ఆ పెద్దరికాన్ని నేను అమాయకత్వం అనుకున్నాను. అనుకుని వాడుకున్నాను.

సత్యవతి పాదానికి చీము పట్టింది. రెండు వేళ్లు తీసేశారు. అనుమతి లేని చోట మనుషుల్ని దింపారని విచారణ వచ్చింది. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాం, నేనూ అప్పలస్వామీ. వచ్చిన అధికారి హడావుడిలో ఉన్నాడు. పడవవాడి వాంగ్మూలం కావాలన్నాడు. అతనికి రాయడం రాదని తెలిసి, "మాస్టర్‌జీ, ఆప్ హీ లిఖ్ దీజియే" అని కాగితం నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లాడు.

రాశాను. హిందీలో, గుండ్రటి దస్తూరితో. అప్పలస్వామి హిందీ నాకంటే ధారాళంగా మాట్లాడతాడు, ఒక్క అక్షరం చదవలేడు. రాసింది ఒకటి. అతనికి చదివి వినిపించింది ఒకటి. వాళ్లను దింపాను, నీరు వచ్చింది, మర్నాడు వెళ్లి తీసుకొచ్చాను అని చదివాను. మధ్యలో ఉన్న వాక్యాలు చదవలేదు. కళ్లు కాగితం మీదే ఉన్నాయి, గొంతు మారలేదు. అతను ప్రతి మాటకూ తలూపాడు. వేలిముద్రకు ఇంకు ప్యాడ్ తెస్తుంటే వద్దన్నాడు. "సంతకం సేత్తానండి. మాస్టారు నేర్పేరు" అని బంట్రోతుతో గర్వంగా చెప్పాడు. నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని, నేను నేర్పిన అక్షరాలతో రాశాడు.

జనానికి అర్థంకాని మంత్రం చదివి, వాళ్లచేత తలూపించి, దక్షిణ పుచ్చుకునే పురోహితుల మీద నేను ఎన్ని వ్యాసాలు రాశానో లెక్కలేదు. ఒక్కో వ్యాసం నిప్పు. ఆ వరండాలో నేను చేసింది ఏమిటి? పురోహితుడికి తన మంత్రం అర్థం తనకే తెలియకపోవచ్చు. నాకు తెలుసు.

ఎందుకు చేశాను? ఉద్యోగం పోతుందని భయమా? కొంత. కానీ అదే అసలు కారణమని చెబితే మళ్లీ అబద్ధమవుతుంది. ఉద్యోగం పోయినా బతికేవాణ్ణి. వాదంలో ఓడిపోయి బతకడం నాకు రాదు.

అప్పలస్వామి పర్మిట్ రద్దయింది. ఇంజన్ అమ్మాడు, తర్వాత డుంగీ అమ్మాడు. ఇతరుల వలలు బాగుచేస్తూ చాతం జెట్టీ దగ్గర కూర్చునేవాడు. నేను ఊరుకున్నానా? లేదు. ఆ ఏడాదే ఆంధ్ర నుంచి వచ్చే ఒక పత్రికలో వ్యాసం రాశాను. అమావాస్య భయంతో మనుషుల్ని గాలికొదిలి పారిపోయిన ఒక పడవవాడి కథ. పేరు వేయలేదు, అదే నా ఔదార్యం. ఎంతో మంది మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. కుంటుతూ బడికి వచ్చే సత్యవతి కూడా చదివింది. "అతను ముందే చెప్పి ఉంటే బాగుండేది కదా సార్" అంది. అవును అన్నాను.

రెండేళ్ల తర్వాత ఒకరోజు ఫెర్రీ కోసం నిలబడి ఉంటే అప్పలస్వామి వల పక్కన పెట్టి లేచి వచ్చాడు.

"మాస్టారూ, అప్పుడు నాను సంతకం ఎట్టిన కాయితం. దాన్లో ఏటి రాసుందో మల్లీ ఓపాలి సదివి ఇనిపిత్తారేటి? ఏం లేదు. మా అమ్మాయి అడుగుతోంది."

"నా దగ్గర లేదు అప్పలస్వామీ. ఆఫీసులో ఉంటుంది."

"అంతేనండి?"

"అంతే."

నా ముఖం వంక చూశాడు. ఎంతసేపని చెప్పలేను. నీటిని ఎలా చూస్తాడో అలా చూశాడు. "సరే, జాగర్తగెల్లండి మాస్టారూ. పోటు మీదుంది" అని వెళ్లి కూర్చుని వల అందుకున్నాడు. ఆ రోజే తీయించుకున్న జిరాక్స్ నకలు నా బీరువాలో ఉంది. ఇంటికి వెళ్లి తాళం వేశాను.

అతను పోయి నాలుగేళ్లయింది. ఇవాళ కాగితం తీశాను. ఆ రోజు చదవకుండా వదిలేసిన వాక్యాలు తెలుగులో ఇవి: "గుడారానికి ఆ చోటు నేనే చూపించాను. నీరు అంత పైకి వస్తుందని నాకు తెలిసినా మాస్టారికి చెప్పలేదు. అమావాస్య అంటే భయపడి వాళ్లను అక్కడ వదిలి వచ్చేశాను. తప్పు నాది."

గదిలో ఎవరూ లేరు. అయినా గట్టిగా చదివాను, మొదటి నుంచి చివరిదాకా, ఏదీ దాటేయకుండా. చదివాక ఊపిరి కొంచెం కిందికి దిగింది. అంతకు మించి ఏమీ జరగలేదు. జరుగుతుందని నేను అనుకోలేదు. సత్యవతి ఇంకా కుంటుతూనే ఉంది. అప్పలస్వామి కూతురు హోప్ టౌన్‌లోనే ఉంది. ఇప్పుడు రాస్తున్న ఇది అచ్చయ్యాక ఆమెకు పంపిస్తాను. తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం ఆమెకు సరిగా రాదు. ఎవరిచేతనైనా చదివించుకోవాలి. ఈసారి చదివేవాళ్లు ఏదీ వదలకూడదు.

నేను రాసిన అబద్ధం కింద అప్పలస్వామి తన పేరు నిండుగా రాశాడు. ఈ నిజం కింద నా పేరు రాయడానికి ఇప్పటికి మూడుసార్లు కలం పెట్టి తీశాను. రాయడం లేదు.